మృతుల జాబితా చదివిన వైద్యుడు

సావనీర్ చేతికి రాగానే మనలో చాలామంది ముందుగా తెరిచేది చివరి పేజీలే. దాతల జాబితాలో మన పేరు ఉందా, ఇంటిపేరు సరిగ్గా అచ్చయిందా, పక్కింటివారు ఎంత రాశారు అని చూసుకుంటాం. తప్పేమీ లేదు. కానీ జాబితాను చదవడానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇప్పటికి 170 ఏళ్ల కిందట లండన్‌లో ఒక వైద్యుడు 83 మంది పేర్లున్న జాబితా ఒకటి తీసుకుని వీధులు తిరిగాడు. అది దాతల జాబితా కాదు, చనిపోయినవారి జాబితా. వాళ్లను చంపినది ఏమిటో ఆ పేర్ల వెంట నడిచి కనిపెట్టాడు. అప్పటికి ఆ జబ్బు క్రిమిని వైద్యులెవరూ గుర్తించలేదు. ఆయన చేతిలో మందు లేదు, పరీక్షశాల ఉన్నా అది పెద్దగా అక్కరకు రాలేదు. పనికొచ్చినవి లెక్కలు, కాళ్లు, ఓపిక.

ఆ జబ్బు కలరా. తెలంగాణ పల్లెల్లో దాన్ని గత్తర అన్నారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు హైజా అనేవారు. ఇప్పటి పిల్లలకు ఆ మాట వింటే భయం వేయదు. మా నాన్నమ్మ తరానికి ఆ పేరు పైకి అనడమే భయం. పొద్దున బాగున్న మనిషికి గంజినీళ్లలాంటి విరేచనాలు, వాంతులు మొదలవుతాయి. ఒంట్లోని నీరు, ఉప్పు బయటికి పోతాయి. కళ్లు గుంటలు పడతాయి, చర్మం ముడతలు పడి నీలం తిరుగుతుంది, మాట పీలగా అవుతుంది. సాయంత్రానికి మనిషి ఉండకపోవచ్చు. పోయిన నీటిని, ఉప్పును తిరిగి ఎక్కిస్తే నూటికి తొంభైతొమ్మిది మంది బతుకుతారని ఈనాడు మనకు తెలుసు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితోనే వేలమందిని కాపాడాడు. ఆ రోజుల్లో మాత్రం రోగికి నల్లమందు ఇచ్చేవారు, రక్తం తీసేవారు. అసలే నీరు పోయి ఎండిపోతున్న ఒంట్లోంచి రక్తం తీయడమంటే ఏమనాలి!

ఈ జబ్బు 1817లో మన బెంగాల్ ప్రాంతం నుంచి పెద్ద ఎత్తున బయలుదేరి, ఓడల వెంట, సైన్యాల వెంట, వర్తకుల వెంట దేశదేశాలు తిరిగింది. 1831లో ఇంగ్లండ్ చేరింది. 1848, 49లలో మళ్లీ వచ్చి ఒక్క లండన్‌లోనే సుమారు 14 వేలమందిని తీసుకుపోయింది. 1854లో మూడోసారి వచ్చినప్పుడు జరిగినదే మన కథ.

ఎలా అంటుకుంటుంది అన్న ప్రశ్నకు ఆనాటి చదువుకున్నవాళ్లందరి దగ్గరా ఒకే జవాబు ఉండేది. చెడుగాలి. కుళ్లిన చెత్త, మురుగు, శవాలు, పశువుల పెంట, వీటి నుంచి లేచే ఆవిరి గాలిలో కలిసి ఊపిరితో లోపలికి పోయి జబ్బు చేస్తుందని నమ్మేవారు. వాళ్లను తెలివితక్కువవాళ్లు అనుకోవద్దు. ఎక్కడ దుర్వాసన ఉందో అక్కడే జబ్బు ఎక్కువగా ఉండేది, ఆ మాట నిజమే. లండన్ మరణాల లెక్కలు చూసే విలియం ఫార్ అనే గొప్ప గణాంకవేత్త దీనికి ఒక పట్టిక కూడా తయారుచేశాడు. థేమ్స్ నది మట్టానికి దగ్గరగా, పల్లంలో ఉన్న పేటల్లో కలరా చావులు ఎక్కువ, ఎత్తు పెరిగేకొద్దీ తక్కువ. అంకెలు చక్కగా, మెట్లు మెట్లుగా దిగుతూ వచ్చాయి. పల్లంలో చెడుగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ చావులెక్కువ అని ఆయన తేల్చాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఫార్ అంకెల్లో తప్పు లేదు. నిజాయితీగా, శ్రద్ధగా పోగుచేసిన అంకెలవి. తప్పు వాటి నుంచి తీసిన అర్థంలో ఉంది. పల్లంలో ఉన్న పేటలకే నదిలోని అతి మురికి భాగం నుంచి తాగునీరు వచ్చేది. ఎత్తు, నీరు రెండూ కలిసి మారుతున్నప్పుడు నేరం ఎవరిదో ఆ ఒక్క పట్టిక చెప్పలేదు. ఇద్దరు అన్నదమ్ములు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటే మామిడికాయలు కోసింది ఎవరో తోటమాలి చెప్పలేడు కదా. ఇద్దరూ విడివిడిగా తిరిగే రోజు ఒకటి దొరకాలి.

ఆ రోజు కోసం చూసినవాడు డాక్టర్ జాన్ స్నో. 1813లో యార్క్ పట్టణంలో ఒక కూలివాడి ఇంట పుట్టాడు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవాడు. పద్నాలుగేళ్లకే ఒక వైద్యుడి దగ్గర పనినేర్చుకునే కుర్రాడిగా చేరాడు. ఇంకా ఇరవై నిండకముందే న్యూకాసిల్ దగ్గర బొగ్గుగని కార్మికులకు కలరా వస్తే, గురువు తరఫున వెళ్లి చూసుకున్నది ఈ కుర్రాడే. మాంసం మానేసినవాడు, మద్యం ముట్టనివాడు, పెళ్లి చేసుకోలేదు. తర్వాత లండన్ వచ్చి మత్తుమందు ఇవ్వడంలో ఆ దేశంలోనే పేరు తెచ్చుకున్నాడు. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫామ్ ఇచ్చింది ఆయనే.

ఈ మత్తుమందు సంగతి మన కథకు సంబంధం లేనిదిగా కనబడుతుంది. నాకు అలా అనిపించదు. ఆవిరి ఎలా వ్యాపిస్తుందో, దూరం పెరిగేకొద్దీ ఎంత త్వరగా పలచబడిపోతుందో రోజూ చేతులతో చూసే మనిషి ఆయన. చెడుగాలి వల్లే జబ్బు అయితే ఆ గాలిని అందరికంటే ఎక్కువగా పీల్చే పాకీపనివాళ్లు, ఎముకలు ఉడికించేవాళ్లు ముందుగా చావాలి కదా? వాళ్లకేమో ప్రత్యేకంగా ఎక్కువ రావడం లేదు. పైగా ఊపిరితో వచ్చే జబ్బు ఊపిరితిత్తులను వదిలి పొట్టలో ఎందుకు మొదలవుతోంది? పొట్టలో మొదలైందంటే నోటి ద్వారానే పోయి ఉండాలి. రోగి విరేచనంలో ఏదో ఉంది. అది మురుగులో కలిసి, తాగేనీటిలో చేరి మరొకరి నోటికి వస్తోంది. 1848లో హాంబర్గ్ నుంచి ఓడలో వచ్చిన ఒక నావికుడు లండన్‌లోని ఒక అద్దెగదిలో కలరాతో చనిపోతే, ఆ తర్వాత అదే గదిలో దిగిన మనిషికి కూడా కలరా వచ్చిందన్న సంగతి ఆయన గుర్తుపెట్టుకున్నాడు. 1849లో ఈ ఆలోచనను 31 పేజీల చిన్న పుస్తకంగా వేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆలోచన బాగుంది, రుజువు ఏదీ అన్నారు. అడగవలసిన ప్రశ్నే.

రుజువు దక్షిణ లండన్‌లో దొరికింది. అక్కడ రెండు ప్రైవేటు కంపెనీలు ఇళ్లకు నీరు అమ్మేవి. ఒకటి సౌత్‌వర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ, రెండోది లాంబెత్ కంపెనీ. రెండూ నగరం మురుగు కలిసేచోటే థేమ్స్ నీరు తోడేవి. 1852లో లాంబెత్ కంపెనీ తన తోడుడు స్థలాన్ని నదికి ఎగువన, మురుగు చేరని థేమ్స్ డిట్టన్‌కు మార్చింది. మొదటి కంపెనీ మాత్రం బాటర్‌సీ దగ్గరే ఉండిపోయింది. అంతకుముందు ఈ రెండు కంపెనీలు పోటీపడి ఒకే వీధిలో రెండు వరుసల గొట్టాలు వేశాయి. ఒక ఇంటికి ఈ కంపెనీ నీరు, పక్కింటికి ఆ కంపెనీ నీరు. ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు అన్ని రకాలవాళ్లూ రెండు వైపులా కలగలిసి ఉన్నారు. పీల్చేది ఒకటే గాలి, నిలబడింది ఒకటే పల్లం. తేడా అంతా నీటిలోనే. మూడు లక్షలమంది మనుషులు తమకు తెలియకుండానే రెండు జట్లుగా విడిపోయారు. ఎవరూ ఇంత పెద్ద ప్రయోగాన్ని కావాలని చేయలేరు, చేయకూడదు కూడా. అన్నదమ్ములు ఇద్దరూ విడివిడిగా తిరిగిన రోజు ఇదే.

1854 వేసవిలో కలరా రాగానే స్నో మరణాల నమోదు కార్యాలయం నుంచి చిరునామాలు తీసుకుని ఇంటింటికీ వెళ్లాడు. అడిగింది ఒకటే ప్రశ్న. మీకు నీరు ఏ కంపెనీది? సులభమైన ప్రశ్నే అనిపిస్తుంది. కానీ అద్దెకుండేవాళ్లకు ఆ సంగతి తెలియదు. నీటి బిల్లు కట్టేది ఎక్కడో ఉండే ఇంటి యజమాని. అప్పుడాయన ఒక ఉపాయం పన్నాడు. బాటర్‌సీ దగ్గర నదిలోకి సముద్రపు పోటు వస్తుంది కాబట్టి ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. ఎగువ నీటిలో ఉప్పు దాదాపు లేదు. రెండింటి మధ్య నలభై రెట్ల తేడా. ఇంట్లోని నీటిని చిన్న సీసాలో పట్టి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే చాలు. ఉప్పు ఎక్కువుంటే తెల్లటి అవక్షేపం దట్టంగా పేరుకుంటుంది. ఏ కంపెనీ నీరో తెలిసిపోతుంది. మన పదో తరగతి పిల్లలు ల్యాబులో చేసే పరీక్షే ఇది. అది ఏ పనికి వస్తుందని ఏ పిల్లవాడైనా అడిగితే నేను ఈ కథ చెబుతాను.

మొదటి నాలుగు వారాల్లో ఆ ప్రాంతంలో 334 కలరా చావులు. వాటిలో 286 సౌత్‌వర్క్ అండ్ వాక్స్‌హాల్ నీరు వచ్చే ఇళ్లలో, 14 లాంబెత్ నీరు వచ్చే ఇళ్లలో. ఏడు వారాలు తిరిగేసరికి మొదటి కంపెనీ ఇళ్లలో 1,263 మంది, రెండో కంపెనీ ఇళ్లలో 98 మంది పోయారు.

ఈ రెండు అంకెలను బోర్డు మీద రాసి పిల్లలను అడుగుతుంటాను, ఏ నీరు చెడ్డది అని. అందరూ మొదటిదే అని అరుస్తారు. ఒక ఏడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ కంపెనీకి ఇళ్లు ఎక్కువున్నాయేమో?" అంది. నేను ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. ప్రశ్న అంటే అదే. చావులెన్ని అన్నది సగం సంగతి, ఎంతమందిలో అన్నది మిగతా సగం. స్నోకు ఆ సంగతి తెలుసు. మొదటి కంపెనీకి 40,046 ఇళ్లు, రెండోదానికి 26,107 ఇళ్లు. లెక్క వేస్తే పదివేల ఇళ్లకు అక్కడ 315 చావులు, ఇక్కడ 37. ఎనిమిది రెట్లకు పైగా తేడా. మిగతా లండన్‌లో పదివేల ఇళ్లకు 59. లాంబెత్ నీరు తాగేవాళ్లు కలరా మధ్యలో కాపురముంటూ కూడా మిగతా నగరం కంటే క్షేమంగా ఉన్నారన్నమాట. వార్తాపత్రికలో ఏ అంకె చదివినా, ఏ సంస్థ నివేదిక చూసినా ఆ అమ్మాయి ప్రశ్న నాకు గుర్తొస్తుంది.

ఈ పని నడుస్తుండగానే, ఆగస్టు 31వ తేదీ రాత్రి స్నో ఇంటికి కాస్త దూరంలోనే సోహో అనే పేటలో పిడుగు పడ్డట్టు కలరా పడింది. బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ మూడు రోజుల్లో 127 మంది చనిపోయారు. పది రోజుల్లో 500 దాటింది. చివరికి లెక్క 616కు చేరింది. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఇళ్లకు తాళాలేసి పారిపోయారు. ఎక్కువగా కుట్టుపనివాళ్లు, చిన్నచిన్న చేతిపనులవాళ్లు ఉండే పేట అది. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం కాపురం.

బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు ఉండేది. మన బోరింగు లాంటిదే, కింద మాత్రం ఇటుకలు కట్టిన బావి. ఆ పేటలో అది మంచి పేరున్న పంపు. నీరు తేటగా, చల్లగా, రుచిగా ఉంటుందని పక్క వీధులవాళ్లు తమ పంపును వదిలి ఇక్కడికి వచ్చేవారు. స్నో అనుమానం దాని మీదికే పోయింది. సెప్టెంబర్ 3వ తేదీ సాయంత్రం నీరు పట్టి చూశాడు. మురికి పెద్దగా కనబడలేదు, తటపటాయించాడు. తేటగా ఉన్న నీటిని చూసి ఏమనగలడు? నీరు చెప్పనిది జాబితా చెబుతుందేమోనని మళ్లీ నమోదు కార్యాలయానికే వెళ్లాడు. ఆ వారం చివరి మూడు రోజుల్లో నమోదైన 83 మరణాల వివరాలు రాసుకున్నాడు.

దాదాపు అన్ని చావులూ ఆ పంపుకు దగ్గరి ఇళ్లలోనే. పది మాత్రం వేరే పంపుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో. ఇంకొకరైతే ఆ పదింటినీ వదిలేసి, మిగతా 73 చాలు అనుకునేవారు. స్నో ముందు ఆ పదింటి దగ్గరికే వెళ్లాడు. అయిదు కుటుంబాలవాళ్లు మేం ఎప్పుడూ బ్రాడ్ స్ట్రీట్ నీళ్లే తెప్పించుకుంటాం, అవే బాగుంటాయి అన్నారు. ఇంకో ముగ్గురు, ఆ పంపు దగ్గర బడికి వెళ్లే పిల్లలు. దగ్గరున్న 73 మందిలో 61 మంది రోజూనో అప్పుడప్పుడో ఆ నీళ్లు తాగినవాళ్లేనని తేలింది. తాగామని తెలియకుండా తాగినవాళ్లు కూడా ఉన్నారు. ఆ నీటినే చుట్టుపక్కల హోటళ్లలో భోజనాల దగ్గర పెట్టేవారు. ఒక కాఫీ దుకాణం యజమానురాలు తన దగ్గరికి వచ్చేవాళ్లలో అప్పటికే తొమ్మిదిమంది పోయారని చెప్పింది. చిన్న దుకాణాల్లో ఆ నీటిలో చెంచాడు పొడి కలిపి షర్బత్ అనే పేరుతోనే అమ్మేవారట.

ఇంకా గట్టి సాక్ష్యం మాత్రం రావలసినచోట రాని జబ్బులో, రాకూడనిచోట వచ్చిన జబ్బులో ఉంది.

ఆ పంపుకు దగ్గరలోనే నిరుపేదలను ఉంచే శరణాలయం ఉంది. అందులో 535 మంది. చుట్టూ ఇళ్లన్నిటా చావులే. లోపల చనిపోయినవారు అయిదుగురు. చెడుగాలి గోడ చూసి ఆగదు కదా! అడిగితే తేలింది, ఆ ఆవరణలో వాళ్ల సొంత బావి ఉంది, పంపు నీళ్లు వాళ్లు తెచ్చుకోరు. పంపు ఉన్న వీధిలోనే ఒక బీరు తయారీశాల ఉంది. డెబ్బైమందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ చనిపోలేదు. ఇది చెబితే కొందరు చిలిపిగా నవ్వుతారు. వాళ్లను కాపాడింది మత్తు కాదు. బీరు చేసేటప్పుడు నీటిని మరిగిస్తారు. పైగా ఆ తయారీశాలకు కూడా సొంత లోతుబావి ఉంది. మరిగించిన నీళ్లు తాగినా అంతే క్షేమంగా ఉండేవారు. మద్యం ముట్టని స్నో ఈ సంగతిని దాచకుండా రాశాడు, తన ఇష్టాయిష్టాలను అంకెలకు అడ్డం పెట్టలేదు. అదే వీధిలో తుపాకీ టోపీలు చేసే కార్ఖానా ఒకటి. అక్కడ పనివాళ్లు తాగడానికి పంపు నీళ్లు రెండు తొట్లలో నింపి పెట్టేవారు. సుమారు 200 మందిలో 18 మంది పోయారు.

అన్నిటికంటే ఆశ్చర్యం హాంప్‌స్టెడ్ ముసలావిడ సంగతి. పేటకు ఎన్నో మైళ్ల దూరంలో, గాలి బాగున్న చోట, చుట్టుపక్కల కలరా జాడే లేనిచోట ఒక వితంతువు కలరాతో చనిపోయింది. జాబితాలో ఆ ఒక్క పేరే అక్కడ. స్నో ఆమె కొడుకును అడిగాడు. ఆవిడ ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో కాపురముండేది. ఆ కార్ఖానా ఆ కుటుంబానిదే. ఆ పంపు నీటి రుచి మరచిపోలేక, రోజూ అటు వెళ్లే బండిలో పెద్ద సీసాతో తెప్పించుకునేది. ఆగస్టు 31న వచ్చిన సీసా నీళ్లు తాగింది. శనివారం చనిపోయింది. ఆమెను చూడడానికి వచ్చిన మేనకోడలు కూడా ఆ నీళ్లు తాగి, ఇస్లింగ్టన్‌లో తన ఇంటికి వెళ్లి చనిపోయింది. అక్కడా ఇంకెవరికీ కలరా లేదు. కొడుకులు ప్రేమతో పంపిన నీళ్లవి. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

సెప్టెంబర్ 7వ తేదీ సాయంత్రం పేట పెద్దల సమావేశానికి స్నో వెళ్లి తాను చూసింది చెప్పాడు. వాళ్లు పూర్తిగా నమ్మారని కాదు. అయినా మర్నాడు, 8వ తేదీన పంపు హ్యాండిల్ ఊడదీయించారు. పాఠ్యపుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడ ముగుస్తుంది. హ్యాండిల్ తీశారు, కలరా ఆగింది అని. అలా జరగలేదు. అప్పటికే సగం పేట ఖాళీ అయి చావులు తగ్గుముఖం పట్టాయి. ఈ మాట స్నో తన పుస్తకంలో తానే రాశాడు. చుక్కలు పెట్టిన పటం చూడగానే ఆయనకు రహస్యం తట్టిందని కూడా చెబుతుంటారు. ప్రతి ఇంటి దగ్గర చావుకొక గీత చొప్పున గీసిన ఆ ప్రసిద్ధ పటం ఆ తర్వాత తయారైంది. అది కనిపెట్టడానికి గీసినది కాదు, ఇతరులకు నచ్చజెప్పడానికి గీసినది.

హ్యాండిల్ సంగతికి ఇంకో మలుపు ఉంది. ఆ పేట చర్చిలో హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతబోధకుడు ఉండేవాడు. స్నో చెప్పింది తప్పని రుజువు చేద్దామనే పనికి దిగాడు. పేటలో ప్రతి గడపా ఆయనకు తెలుసు. పారిపోయినవాళ్లు ఎక్కడికి వెళ్లారో కూడా ఆయనకే తెలుసు. ఒక్కో ఇంటికి నాలుగైదుసార్లు వెళ్లి అడిగాడు. అడిగేకొద్దీ స్నో మాటే నిజమవుతూ వచ్చింది. చివరికి స్నోకు దొరకని దాన్ని కూడా ఆయనే కనిపెట్టాడు. పంపుకు ఎదురుగా 40వ నంబరు ఇంట్లో అయిదు నెలల పసిపాపకు అందరికంటే ముందే విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి పాప గుడ్డలు ఉతికిన నీళ్లను ఇంటి ముందున్న మరుగుగుంటలో పోసింది. 1855లో ఆ చోటు తవ్వించి కొలిచారు. గుంట గోడ ఇటుకలు వదులై ఉన్నాయి. బావికీ దానికీ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఇంకో సంగతి, ఆ పాప తండ్రికి కలరా వచ్చింది సెప్టెంబర్ 8న, హ్యాండిల్ తీసిన రోజే. ఆయన విరేచనాలు కూడా ఆ బావిలోకే చేరేవి. ఆ రోజు పంపు ఆడుతూ ఉంటే పేటలో రెండోసారి చావులు మొదలయ్యేవేమో. హ్యాండిల్ తీయడం ఆగుతున్న జబ్బును ఆపలేదు గానీ, రాబోయేదాన్ని ఆపి ఉండవచ్చు.

ఆ మూడడుగుల దగ్గర మనం కూడా ఒకసారి ఆగాలి. మన ఊళ్లలో ఎవరైనా దాత బోరు వేయిస్తే శిలాఫలకం మీద పేరు ఏ సైజులో ఉండాలో చర్చ జరుగుతుంది. మరుగుదొడ్డి గుంట ఎంత దూరంలో ఉంది, వర్షాకాలంలో మురుగు ఎటు పోతుంది, నీళ్లు పరీక్ష చేయించారా అన్న చర్చ ఎప్పుడైనా జరిగిందా? ఇరుకు గల్లీల్లో ఇంటి ముందు సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే నల్లా గొట్టం, దాని మీదే మోరీ. పైపులో నీళ్లు రాని గంటల్లో పగుళ్లగుండా మురుగు లోపలికి పోతుంది. నీళ్లు తేటగానే కనబడతాయి. బ్రాడ్ స్ట్రీట్ నీళ్లూ తేటగానే ఉన్నాయి, రుచిగా కూడా ఉన్నాయి.

స్నో మాటను ప్రభుత్వ ఆరోగ్య మండలి నియమించిన సంఘం 1855లో తోసిపుచ్చింది. చెడుగాలి సిద్ధాంతం అంత సులభంగా పోలేదు. 1855లోనే ఆయన తన పుస్తకాన్ని పెద్దదిగా, పటాలతో, పట్టికలతో మళ్లీ వేశాడు. 1858 జూన్ 16న పక్షవాతంతో చనిపోయాడు. వయసు 45. ఒక ప్రముఖ వైద్య పత్రిక రెండు మూడు వాక్యాల్లో ఆయన మరణవార్త వేసింది. మత్తుమందు పరిశోధనల మాట అందులో ఉంది, కలరా మాటే లేదు.

ఆయన మాట నిలబెట్టింది ఎవరనుకుంటున్నారు? ఎత్తుపల్లాల పట్టిక వేసిన విలియం ఫార్. మొదటి నుంచీ స్నోతో ఏకీభవించకపోయినా, అడిగినప్పుడల్లా జాబితాలు ఇచ్చింది ఆయన కార్యాలయమే. 1854లోనే మృతుల ఇళ్లకు నీరు ఏ కంపెనీదో రాయమని కింది ఉద్యోగులకు ఆదేశాలు వెళ్లాయి. తన సిద్ధాంతాన్ని పడగొట్టే అంకెలను ఎదుటివాడికి అందించడం చిన్న గుణం కాదు. 1865లో హజ్ సమయంలో హిజాజ్‌లో కలరా వచ్చి ఎందరో యాత్రికులను బలిగొంది. ఆ అల ఓడల వెంట యూరప్ అంతా పాకి మరుసటి ఏడు లండన్ చేరింది. ఈసారి చావులు తూర్పు లండన్‌లోనే ఎక్కువగా ఉన్నాయని ఫార్ గమనించి, వెంటనే నీటి కంపెనీ పటం తీసి చూశాడు. ఈస్ట్ లండన్ కంపెనీ తాము శుద్ధి చేయని నీరు ఇవ్వడమే లేదని పత్రికలో ప్రకటించింది. ఇళ్ల గొట్టాల్లో మాత్రం పాము చేపలు దొరికాయి. మూత లేని పాత చెరువులోని నీటిని వాళ్లు సరఫరా చేస్తున్నట్టు బయటపడింది. నీరు మరిగించి తాగమని పేటలో ప్రకటనలు అంటించారు. నగరంలో మిగతాచోట్ల అప్పటికే కొత్త మురుగు కాలువలు వచ్చాయి, అక్కడ జబ్బు అంతగా లేదు. లండన్‌లో మహమ్మారిగా వచ్చిన కలరాలో అదే చివరిది. స్నో చెప్పింది నిజమని ఫార్ రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. అప్పటికి స్నో పోయి ఎనిమిదేళ్లు.

క్రిమి సంగతి ఇంకా తర్వాతిది. 1854లోనే ఇటలీలో పచీనీ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో దాన్ని చూసి రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ల తర్వాత జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ఈజిప్టులోనూ మన కలకత్తాలోనూ పరిశోధించి లోకానికి చూపించాడు. ఆ క్రిమి పేగుల్లో విడుదల చేసే విషమే నీటిని బయటికి తోస్తుందని 1959లో రుజువు చేసింది కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే. ఈయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా కాస్త పెద్ద అక్షరాల్లో ఉండవలసింది.

1892లో హాంబర్గ్ నగరంలో కలరా పడింది. పక్కనే ఆల్టోనా పట్టణం. రెండింటికీ మధ్య ఒక వీధి తప్ప వేరే హద్దు లేదు. రెండూ ఎల్బ్ నది నీళ్లే తాగేవి. నిజానికి ఆల్టోనాది దిగువ, హాంబర్గ్ మురుగంతా కలిశాక వచ్చే నీళ్లు దానివి. కానీ ఆల్టోనావాళ్లు వాటిని ఇసుకలో వడకట్టి ఇచ్చేవారు. హాంబర్గ్ పెద్దలు ఖర్చు ఎక్కువని ఆ పని ఏళ్ల తరబడి వాయిదా వేశారు. హాంబర్గ్‌లో ఎనిమిది వేలమందికి పైగా చనిపోయారు. ఆల్టోనాలో కొన్ని వందలు. వీధికి ఒక పక్క చావులు, ఇంకో పక్క లేవు. సరిహద్దులో హాంబర్గ్ వైపే ఉన్న ఒక పెద్ద ఇళ్ల సముదాయంలో మాత్రం ఎవరికీ జబ్బు రాలేదు. కాక్ వెళ్లి విచారించాడు. హాంబర్గ్ గొట్టం అక్కడికి వేయడం కష్టమై, ఆ ఒక్క ప్రాంగణానికి మాత్రం ఆల్టోనా నీళ్లు ఇచ్చారట.